నీడలో కాలిన కళ్ళు

కంటికి ఆనే వెలుగునూ, కంటికి ఆనని వెలుగునూ సృష్టించి, దేని హద్దులో దాన్ని నిలిపిన అల్లాహ్‌కే పొగడ్తలన్నీ. రోజూ సముద్రం మీదికి సూర్యుణ్ణి తెచ్చేవాడు ఆయనే. గుహలో నిద్రపోతున్న విశ్వాసుల మీద ఎండ పడకుండా అదే సూర్యుణ్ణి ఉదయం ఒక పక్కకూ సాయంత్రం మరో పక్కకూ తొలగించినవాడూ ఆయనే. ఆయన ఇచ్చిన చూపుతోనే ఇది రాస్తున్నాను. ఇచ్చినది ఆయన తీసుకుంటే ఎందుకని అడిగే హక్కు నాకు లేదు. తీసుకోవద్దని వేడుకునే హక్కు మాత్రం ఆయనే ఇచ్చాడు. దాన్ని పట్టుకునే మా బావ కళ్ళ గురించి చెబుతున్నాను.

బావ అంటే మా చెల్లెలి భర్త. విశాఖపట్నం పాత ఊళ్ళో, పోర్టు గోడకు దగ్గరగా ఉన్న ఒక సందులో, రేకుల షెడ్డు వేసుకుని వెల్డింగు చేస్తాడు. గేట్లు, కిటికీ గ్రిల్స్, మెట్ల రెయిలింగులు, నీళ్ళ ట్యాంకు స్టాండ్లు. పెళ్ళికి ముందు అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కింద పనిచేశాడు. తన చేతి కింద ఒక ఫిట్టరు ఉన్నాడు. భీమిలి అవతల పల్లె నుంచి రోజూ బస్సులో వస్తాడు. బావకన్నా వయసులో పెద్ద, నోరు ఇంకా పెద్దది. నేను పోర్టు పనులు చూసే ఒక ఆఫీసులో గుమాస్తాను. చిన్నప్పుడు మదరసాలో చదువుకున్నాను. ఇప్పటికీ తెల్లవారి నమాజు తర్వాత మా మసీదు ఇమాం హజరత్ చెప్పే పాఠానికి కూర్చుంటాను. ఇంట్లో మాకు ఉర్దూ కొంత, తెలుగు ఎక్కువ.

బావ చేతి మీద మొదటి మచ్చ బొటనవేలు పక్కన వచ్చింది. వెల్డింగు రవ్వ పడి కాలిందేమో, అందుకే తెల్లబడిందనుకున్నాడు. తర్వాత రెండో చేతి మీదా వచ్చింది, పెదవి మూలన వచ్చింది. అప్పుడు ఆ మాట ఎవరూ పైకి అనకుండానే అందరికీ తెలిసిపోయింది. బొల్లి.

"భాయ్, నువ్వు నెమ్మదిగా దొరవైపోతన్నావు. మొత్తం తెల్లగయ్యాక నాను నీకు దండాలెట్టాలేటి?" అన్నాడు ఫిట్టరు.

"ఇప్పుడే ఎట్టీ గురూ. అలవాటైపోద్ది," అన్నాడు బావ.

షెడ్డులో అలా నవ్వగలిగేవాడు. మసీదులో నవ్వలేకపోయాడు. శుక్రవారం నమాజు అయ్యాక మాలో ఒకరికొకరు రెండు చేతులూ కలిపి పలకరించుకుంటాం. చేతులు కలిసినప్పుడు పాపాలు రాలిపోతాయని పెద్దలు చెబుతారు. ఒక శుక్రవారం ఒకాయన బావ వైపు రెండు చేతులూ చాచాడు. చాచినవాడు ఆ మచ్చలు చూశాడు. చూసి, చేతులు వెనక్కి తీసుకుని, గుండె మీద పెట్టుకుని సలాం చెప్పి పక్కకు తిరిగాడు. ఆయన చెడ్డవాడు కాదు. భయపడ్డాడు, అంతే. ఆ తర్వాత బావ నమాజు ముగియగానే పక్క గుమ్మం లోంచి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు.

హజరత్ ఒకసారి కూర్చోబెట్టి చెప్పారు. ఒక ప్రవక్త చంకలోంచి చెయ్యి తీస్తే అది తెల్లగా మెరిసింది, అది రోగం కాదు, నిదర్శనం అని. మరో ప్రవక్త అల్లాహ్ అనుమతితో ఇవే మచ్చలను మాన్పాడని. బావ తల వంచుకుని విన్నాడు. బయటికి వచ్చాక, "ఆళ్ళు ప్రవక్తలు బావా. నాను గేట్లు సేసుకునేవోణ్ణి. నాకు డాక్టరే దిక్కు," అన్నాడు.

అలా చర్మం డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకువెళ్ళాను. ఆవిడ ఓపికగా చూసింది. ఎండలో మన కంటికి కనిపించని ఒక వెలుగు ఉంటుందనీ, దాన్ని అతినీలలోహిత కిరణాలంటారనీ చెప్పింది. ఎముకలకు బలం అదే, చర్మానికి ముడతలు అదే, కొందరికి చర్మంలో పుండు పెట్టేదీ అదే. చేతుల మీద రంగు చేసే కణాలు నిద్రపోయాయి, వాటిని లేపడానికి కూడా అదే కావాలి.

"ఈ మాత్ర వేసుకుంటే మీ చర్మానికి ఆ వెలుగంటే ఆకలి పుడుతుంది," అంది. "కొంచెం పెడితే మందు. ఎక్కువైతే మంట. వారానికి రెండు రోజులు టిఫిన్ తిని మాత్ర వేసుకోండి. రెండు గంటలాగి చేతులకి అయిదు నిమిషాలు ఎండ పెట్టండి. అంతే. ఆ రోజంతా మళ్ళీ ఎండ మొహం చూడొద్దు."

తర్వాత సొరుగులోంచి ఒక జత నల్ల కళ్ళద్దాలు తీసి నమూనా చూపించింది. ఇలాంటివే కొనుక్కోమంది. "మాత్ర కంట్లోకి కూడా వెళుతుంది. చర్మం కాలినా మళ్ళీ వస్తుంది. కళ్ళు పోతే రావు. గుర్తుంచుకోండి."

ఇంతవరకూ చెప్పి, మందు రాస్తూ అడిగింది, ఏం పని చేస్తారని.

"గేట్లు, గ్రిల్స్ సేత్తామమ్మా. రేకుల షెడ్డు. పొద్దస్తమానూ నీడపట్టునే. ఎండ పొడ కూడా తగల్దు."

"చాలా మంచిది," అంది డాక్టరమ్మ.

ఆ గదిలో ముగ్గురం ఉన్నాం. అందులో ఎవరూ అబద్ధం ఆడలేదు. ఎవరూ తొందరపడలేదు. ఆవిడ అడగాల్సిందే అడిగింది, అతను నిజమే చెప్పాడు. గండం అనేది తలుపు బద్దలుకొట్టుకుని రాదు. నిజం చెప్పుకుంటున్న మనుషుల మధ్యకు వచ్చి నెమ్మదిగా కూర్చుంటుంది.

బావ శుక్రవారం, ఆదివారం ఎంచుకున్నాడు. శుక్రవారం షెడ్డుకి సెలవు. ఆదివారం ఇనుము కొట్లు మూసేస్తారు కనుక ఆ రోజూ పని ఉండదు. ఆ రెండు రోజులూ తను ఎంచుకున్నవే అయినా, ఇప్పుడు వెనక్కి చూస్తే ఎవరో చెయ్యి అడ్డుపెట్టినట్టుంది. టిఫిన్ తిని మాత్ర వేసుకుని, నల్లద్దాలు పెట్టుకునేవాడు. రెండు గంటలాగి మేడ మీదికి వెళ్ళి చేతులు చాచి కూర్చునేవాడు. పోర్టు నుంచి వచ్చే నల్ల దుమ్ము మేడ మీద రోజూ పేరుకుంటుంది కాబట్టి చెల్లి ముందుగా వెళ్ళి గోనెపట్టా పరిచేది. అయిదు నిమిషాలు కాగానే కింద నుంచి కేకేసేది. అతను దిగివచ్చి, తలుపులు దగ్గరగా వేసుకుని, ఆ నల్లద్దాలు తియ్యకుండానే ఇంట్లో పడుకునేవాడు. పొత్తిళ్ళలో ఉన్న పాప కూడా ఆ అద్దాలకు అలవాటు పడింది. అవి తీసేస్తేనే ఏడ్చేది.

చలికాలం రాకముందే మచ్చల మధ్యలో గోధుమరంగు చుక్కలు వచ్చాయి. ఆవాలు చల్లినట్టు. బావ మా ఇంటికి పరుగెత్తుకొచ్చి చెయ్యి నా ముఖానికి ఆనించినంత పని చేశాడు.

"సూడు బావా! రంగొచ్చేత్తంది! అల్లాహ్ కరుణ సూడు!"

నేను చూశాను. నిజంగానే వచ్చింది. ఆ రోజు ఇద్దరం రెండు రకాతులు కృతజ్ఞతా నమాజు చేశాం. ఆ కనిపించని వెలుగు మీద నాకు ఎంతో గౌరవం కలిగింది. మా మసీదులో నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకునే చోటు పక్కన తాగునీటి యంత్రం ఒకటుంది. దాని లోపల ఊదారంగు దీపం వెలుగుతూ ఉంటుంది. ఆ దీపం నీళ్ళలో పురుగులను చంపుతుందని దాన్ని బిగించినవాడు చెప్పాడు. అదీ ఈ కిరణాల పనే. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులకు, పొద్దస్తమానూ లోపలే ఉండొద్దు, కాసేపు ఎండలో కూర్చోమన్నారు. అదీ ఇదే. ఒకే వెలుగు నీళ్ళను కడుగుతుంది, ఎముకను నిలబెడుతుంది, చేతికి రంగు తెస్తుంది. నీళ్ళలో పురుగును చంపేది కంటిని ఏం చేస్తుందో అని మాత్రం అప్పుడు నాకు తోచలేదు.

రంజాన్ వచ్చింది.

ఉపవాసంలో పగలు టిఫిన్ లేదు, మాత్ర లేదు, గుక్కెడు నీళ్ళు కూడా లేవు. రోగికి సడలింపు ఉంది. ఆరోగ్యం కుదిరాక ఆ ఉపవాసాలు తీర్చుకోవచ్చు. ఇది మనిషి ఇచ్చిన సడలింపు కాదు. నేను బావతో ఆ మాటే అన్నాను.

"ఇది రోగమేటి బావా? ఒట్టి రంగే కదా," అన్నాడు. "జొరమొచ్చినోడికి సడలింపు. కాళ్ళు సేతులూ సుబ్బరంగున్నాయి నాకు. రంగు కోసం రోజా ఒగ్గీమంటావా?"

"పోనీ ఈ నెల మాత్ర ఆపెయ్. డాక్టరమ్మని అడుగుదాం."

"ఆపితే వొచ్చిన రంగు కూడా పోద్దేటో! నేదు నేదు. సహ్రీలో తిని ఏసేసుకుంతాను. తెల్లారి పొద్దెక్కాక మేడెక్కుతాను. లెక్క సరిపోద్ది."

లెక్క సరిపోయింది కూడా. తెల్లవారకముందు సహ్రీ భోజనంతో మాత్ర. రెండు గంటలు దాటాక లేత ఎండ. ఉపవాసానికి భంగం లేదు, మందుకు భంగం లేదు. చెల్లి కూడా సంతోషించింది. అయితే రంజాన్‌లో ఇంకొకటి మారింది. తగరపువలసలో కడుతున్న ఒక అపార్ట్‌మెంటుకు మెట్ల రెయిలింగులన్నీ పండుగలోపు బిగించాలని ఒప్పుకున్నాడు. పండుగ దగ్గరపడ్డా పని తెమలక, శుక్రవారం, ఆదివారం కూడా మధ్యాహ్న నమాజు దాకా షెడ్డు తెరవాలనుకున్నాడు.

మాత్ర వేసుకున్న రోజు. ఎండకు దూరంగా, నీడలో. డాక్టరమ్మ చెప్పినట్టే.

అలా తెరిచిన మొదటి శుక్రవారం జుమా నమాజుకు అతన్ని తీసుకుపోదామని ఆఫీసు నుంచి తిన్నగా షెడ్డుకు వెళ్ళాను. సందు మొదట్లోనే రేకుల సందుల్లోంచి ఆ నీలం మెరుపు ఎదుటి గోడ మీద పడి ఎగురుతోంది. నా చిన్నప్పటి నుంచి చూస్తున్న మెరుపే. ఆ రోజు ఎందుకో కళ్ళు తిప్పుకున్నాను. గుడి బయట పువ్వులమ్మే ముసలామె అటుగా పోతూ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని, "సూడకు నాయినా, సూపు పోద్ది," అంది నాతో.

లోపల బావ రెయిలింగు ముక్కలు కలుపుతున్నాడు. ముందు చిన్న చిన్న చుక్కలుగా అతికించుకుంటారు. దాన్ని టాక్ వెయ్యడం అంటారు. ఒక చేత్తో ఇనప ముక్క పట్టుకోవాలి, ఒక చేత్తో రాడ్డు పట్టుకోవాలి. ముఖానికి అడ్డం పెట్టుకునే షీల్డు పట్టుకోవడానికి మూడో చెయ్యి ఉండదు. అందుకని చాలామంది టాక్ వేసేటప్పుడు కళ్ళు మూసుకుంటారు, లేదా తల తిప్పుకుంటారు. బావ కళ్ళు మూసుకోవడం లేదు. డాక్టరమ్మ కొనుక్కోమన్న నల్లద్దాలు పెట్టుకుని నేరుగా చూస్తూ వేస్తున్నాడు. షీల్డు గోడకు మేకుకు వేలాడుతోంది.

"షీల్డు ఏదీ?" అన్నాను.

"ఈ అద్దాలు సాలు బావా. సూర్యుడికే సాలినవి, రాడ్డుకి సాలవేటి? ఇన్నాళ్ళూ బుర్ర నేకపోయింది నాకు. ఇవెట్టుకుంటే టాకులు బేగి పడిపోతన్నాయి."

ఫిట్టరు తన షీల్డు కింద నుంచే అరిచాడు. "నాను సెప్పినాను. ఇంతాడు! సినిమా ఈరోలాగ నల్లద్దాలెట్టుకుని కూకున్నాడు. ఆ డాక్టరమ్మ అద్దాలకి ఈడు తావీజు కట్టీసుకున్నట్టున్నాడు."

బావ నవ్వాడు. చొక్కా చేతులు మణికట్టు దాకా ఉన్నాయి, గుండీలు పెట్టుకున్నాడు. ఎండ తగలకూడదని. అరచేతుల వెనక ఆవాల చుక్కలు రాడ్డు మెరిసినప్పుడల్లా నల్లగా కనిపించి మాయమవుతున్నాయి. మెడ దగ్గర చొక్కా తెరిచి ఉంది. రేకుల కింద వేడి. నోరు ఎండి, పెదవులు తెల్లగా పగిలి ఉన్నాయి. ఉపవాసం.

ఇద్దరం నమాజుకు వెళ్ళాం. ఆ రోజు ప్రసంగంలో హజరత్ మెరుపు గురించే చెప్పారు. చీకటి వానలో చిక్కుకున్నవాళ్ళ గురించి, మెరుపు వాళ్ళ చూపును ఎగరేసుకుపోయేలా ఉంటుందని. అది విశ్వాసం నిలకడగా లేనివాళ్ళకు చెప్పిన పోలిక. నేను దాన్ని పోలికగానే విన్నాను. పక్కన బావ కళ్ళు నులుముకుంటున్నాడు. నిద్ర చాలలేదనుకున్నాను.

సాయంత్రం ఇఫ్తార్‌కు చెల్లి వాళ్ళింటికే వెళ్ళాను. నేల మీద దస్తరఖాను గుడ్డ పరిచి ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు, గంజి పెట్టింది. అజాన్ కోసం కూర్చున్నాం. బావ తల వంచుకుని ఉన్నాడు. దువా చేస్తున్నాడనుకున్నాను. అజాన్ వినిపించింది. అతను ఖర్జూరం కోసం చెయ్యి చాపాడు. చెయ్యి పళ్ళెం పక్కన నేల మీద పడింది. మళ్ళీ తడిమాడు. గంజి గిన్నెలో పడింది.

"ఏటండీ? ఏటైంది?" అంది చెల్లి.

"ఇసక," అన్నాడు. "కళ్ళల్లో ఇసక పోసినట్టుంది. తెరవనేకపోతన్నాను."

తల ఎత్తాడు. రెప్పలు ఉబ్బిపోయి, సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. దీపం వెలుగుకే మూలిగాడు. చెల్లి దీపం ఆర్పేసింది. ఖర్జూరం నేనే అతని నోట్లో పెట్టాను.

వెల్డర్లకు ఇది కొత్త కాదు. ఎప్పుడో ఒకప్పుడు అందరికీ వస్తుంది, మర్నాటికి పోతుంది. ఫిట్టరుకు ఫోన్ చేస్తే అతనూ అదే చెప్పాడు. "నాను అక్కడే ఉన్నాను కదా పొద్దున్నుంచీ. నాకేటీ కాలేదు. ఆడు అద్దాలెట్టుకున్నాడు కదా అని ఊరుకున్నాను. సెప్తన్నాను ఇను. పసిపిల్ల తల్లి పాలు రెండు సుక్కలు కళ్ళల్లో ఎయ్యమను. మా వోళ్ళందరం అదే సేత్తాం. తెల్లారేసరికి సల్లబడిపోద్ది."

చెల్లి చంటిబిడ్డ తల్లి. అడగాల్సిన పని కూడా లేకపోయింది. లోపలికి వెళ్ళి చిన్న గిన్నెలో పట్టుకొచ్చి, బిస్మిల్లాహ్ అని, చెంచా కొసతో వేసింది. అతను హాయిగా నిట్టూర్చాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

శనివారం కళ్ళు కొంచెం తెరిచాడు. కానీ చేతులు ఎర్రబడ్డాయి. ముఖం, మెడ, చొక్కా తెరిచి ఉన్నచోట మూడు మూలల ఎరుపు. ఆదివారానికి చేతుల మీద బొబ్బలు లేచాయి. తెల్లమచ్చల మీద మరీ ఘోరంగా. సీసాల్లో నీళ్ళు నింపినట్టు పసుప్పచ్చగా ఉబ్బాయి. ఆవాల చుక్కలు వాటి కింద ఎక్కడో మునిగిపోయాయి. చెల్లి ఇంటి పక్క కళ్ళ డాక్టరు దగ్గర చుక్కల మందు తెచ్చింది. ఆ చుక్కలు ఉపవాసంలో వేసుకోవచ్చో లేదో అని బావ రెండు పూటలు వెయ్యనివ్వలేదు. నేను హజరత్‌ను తీసుకొచ్చాను. ఆయన అతని మంచం పక్కన కూర్చుని, "చుక్కలతో ఉపవాసం పోదు. అయినా నువ్వు ఇక ఉపవాసంలో లేవు, బాబూ. నువ్వు రోగివి. ఆయన ఇచ్చిన సడలింపు కాదంటే అది భక్తి కాదు," అన్నారు. బావ ఏడ్చాడు. ఆ కన్నీళ్ళకే కళ్ళు మండి ఇంకా ఏడ్చాడు.

సోమవారం పొద్దున్న చెల్లి అతని కుడి రెప్ప విప్పి చూసి, "అన్నా, ఇటు రా," అంది. గొంతు చాలా మామూలుగా ఉంది. అంత మామూలుగా ఉండడానికే నాకు భయం వేసింది. నల్లగుడ్డు మీద బియ్యపు నూకంత తెల్లటి చుక్క ఉంది.

ఊళ్ళో పెద్ద కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు పరికరంలోంచి చాలాసేపు చూశాడు. కంటి పైపొర రెండు వైపులా ఒలిచినట్టు పోయిందనీ, ఎడమది మానుతోందనీ, కుడిదాంట్లోకి సూక్ష్మక్రిములు చేరి పుండు పెట్టాయనీ చెప్పాడు. "కళ్ళల్లో ఏమైనా వేశారా?"

చెల్లి, "నా పాలు," అంది.

డాక్టరు ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "దానివల్లే అని చెప్పలేనమ్మా. ఇనప దుమ్ము చేతులతో నులుముకున్నా వస్తుంది. పైపొర లేని కన్ను తలుపు లేని ఇల్లు. ఏదైనా వెళుతుంది." ఆ మాట ఆమెకు ఊరటగా చెప్పాడు. ఆమె మాత్రం ఆ వారమంతా పాపకు పాలిచ్చేటప్పుడు గోడ వైపు తిరిగి కూర్చునేది.

గంటగంటకూ చుక్కలు. వార్డులో కిటికీలకు నల్ల తెరలు. పండుగ రోజు నేను నమాజు చదివి అత్తరు వాసనతో అక్కడికి వెళ్ళాను. నా అడుగుల చప్పుడు విని, "ఈద్ ముబారక్ బావా," అన్నాడు మంచం మీంచి. "సెందమావ కనపడిందా?" కనపడిందన్నాను. "బాగున్నాదా?" అన్నాడు.

చర్మం డాక్టరమ్మ దగ్గరికి ఆ మర్నాడు వెళ్ళాం, చేతుల కోసం. ఆవిడ కట్లు విప్పి చూసి, "ఎండలో ఎంతసేపున్నారు?" అంది.

"ఎండలో నేదమ్మా. ఒట్టు. షెడ్డులోనే. వెల్డింగు సేత్తన్నాను."

ఆవిడ చేతిలోని కట్టుబట్ట అలాగే ఉండిపోయింది. "గేట్లు అన్నారు," అంది.

"అవునమ్మా. గేట్లు మరి దేంతో అతుకుతారు?"

అప్పుడు చెప్పింది. వెల్డింగు రాడ్డు కొసన పుట్టే మెరుపులో కూడా ఆ కనిపించని వెలుగే ఉంటుందట. సూర్యుడి దగ్గర్నుంచి వచ్చేది ఆకాశమంతా దాటుకుని, అక్కడ చాలావరకు ఆగిపోయి, వడగట్టుకుని మన దాకా వస్తుంది. రాడ్డు దగ్గరిది వడపోత లేకుండా మూరెడు దూరం నుంచి వస్తుంది. భూమి మీదికి చేరకుండా పైన ఆగిపోయే రకం కూడా అందులో ఉంటుంది. ఆ అద్దాలు ఎండకు చేసినవి. వాటి నలుపు చూసి కన్ను నమ్మింది, రెప్పలు మూసుకోలేదు. పక్కల నుంచి ఎంత దూరిందో తెలియదు. ఫిట్టరు షీల్డు వెనక ఉన్నాడు, పైగా అతని ఒంట్లో మాత్ర లేదు. బావ ఒంట్లో తెల్లవారుజామున వేసుకున్న మాత్ర నిండుగా ఉంది.

"నీడలోనే కదమ్మా ఉన్నాను," అన్నాడు బావ మళ్ళీ. వాదన కాదు. అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు.

ఎండ నుంచి పారిపోయి ఎండ కన్నా చెడ్డదాని ముందు కూర్చున్నాడు. ఎండకు ఒక వేళ ఉంది, అస్తమయం ఉంది, మబ్బు ఉంది. దాన్ని పక్కకు తిప్పేవాడున్నాడు. మనం స్విచ్చి వేసి పుట్టించుకున్నదానికి అవేవీ లేవు. పాత ఊరి సందుల్లో రోజుకు ఎన్ని రేకుల సందుల్లోంచి ఆ నీలం మెరుపు రోడ్డు మీదికి దూకుతుందో, బడికి పోయే పిల్లలు ఎంతమంది ఆగి నోరు తెరిచి చూస్తారో, ఇప్పుడు నాకు కనిపిస్తుంది. ఆఫీసుకు నడిచేటప్పుడు నా కళ్ళు వాటినే వెతుకుతాయి.

కాలిన చేతులు మానాయి. మానినచోట రంగు రాలేదు. కాలడం వల్ల కూడా బొల్లి పాకుతుందట. తెలుపు మణికట్టు దాటి మోచేతి వైపు వెళ్ళింది. దాని గురించి బావ ఇప్పుడు మాట్లాడడు. ఆసుపత్రిలో పెట్టెలాంటి గదిలో, కళ్ళకు పూర్తిగా మూత పెట్టి, మాత్ర లేకుండా, కొలిచిన వెలుగు పెట్టే పద్ధతి ఉందని డాక్టరమ్మ చెప్పింది. దానివల్ల చాలామందికి మేలు జరిగిందంది. నేను నమ్ముతాను. అతను మాత్రం, "ముందు కన్ను కానీ," అన్నాడు.

ఎడమ కన్ను బాగుంది, అల్‌హమ్‌దులిల్లాహ్. అయితే ఈ మాత్ర, ఆ మెరుపు కలిసి కంటి లోపలి అద్దాన్ని ముందు ముందు మసకబార్చవచ్చు కాబట్టి దాన్ని కూడా చూస్తూ ఉండాలన్నారు. కుడికంట్లో పుండు మాని మచ్చ మిగిలింది. సరిగ్గా నల్లగుడ్డు నడిమధ్యన. ఆ కంటితో అతనికి వెలుగు తెలుస్తుంది, మనిషి నీడ తెలుస్తుంది, ఎవరో తెలియదు.

పోయిన వారం షెడ్డుకు వెళ్ళాను. కొత్త హెల్మెట్ కొన్నాడు. ముఖమంతా కప్పేస్తుంది, మెరుపు పుట్టగానే దానంతటదే నల్లబడుతుంది. తోలు తొడుగులు వేసుకున్నాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. రాడ్డు పట్టుకుని రెండు ముక్కలు కలిసే చోట పెట్టబోయాడు. రాడ్డు కొస అతుకు మీద పడలేదు, ఇవతల గాల్లో ఆగింది. ముందుకు జరిపాడు. అతుకు దాటి అవతల కమ్మీకి తగిలి అంటుకుపోయింది. ఒక్క కంటికి దూరం తెలియదు. విరిచి మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ పక్కకే పడింది.

"ఒల్లకుండు భాయ్, నాను ఏత్తాను, ఇలా ఇయ్యి," అన్నాడు ఫిట్టరు. ఈసారి ఎగతాళి లేదు. ఎగతాళి లేకపోవడం బావ విన్నాడు. హెల్మెట్ తీసి, మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"బావా, ఆరు నెల్లు ఆగమన్నాడు కదా డాక్టరు," అన్నాడు నాతో. "మచ్చ పల్సబడితే సరే. నేకపోతే పోయినోళ్ళ కన్నేదో తెచ్చి అతుకుతారంట. అతుకు పని నాకు తెలుసు. ఒక్కోటి నిలబడద్ది, ఒక్కోటి నిలబడదు. ఎంత బాగా ఏసినా."

ఆ ఆరు నెలలు ఇంకా పూర్తికాలేదు. మచ్చ పలచబడుతోందని ఒకసారి అన్నారు, ఇంకోసారి అలాగే ఉందన్నారు. చెల్లి తెల్లవారి నమాజు తర్వాత చేతులు దించదు. పాప ఏడ్చేదాకా అలాగే కూర్చుంటుంది.

చదువుతున్న సోదరుల్లారా, సోదరీమణుల్లారా, మీరు ఏ విధంగా ప్రార్థిస్తారో నాకు తెలియదు, కానీ ప్రార్థించేవారైతే ఇక్కడ కాసేపు ఆగండి. నాతోపాటు అడగండి. ప్రభూ, నీ వెలుగులో మా మేలుకు సరిపడేంత మాకు చూపించు, మిగిలినదాన్ని మా నుంచి తొలగించు. ఏది ఎక్కువో ఏది తక్కువో తెలియని మాకు కొలత నేర్పు. సందుల్లో మెరుపుల ముందు కూర్చుని గేట్లు చేసేవాళ్ళ కళ్ళను కాపాడు. ఇతని కుడికంటి మీద ఉన్న ఆ కాస్త తెలుపును తీసెయ్యి. అది నీకు కష్టం కాదు. ఆమీన్ అనండి.